సైనిక ఎయిర్‌ఫీల్డ్ దగ్గర డ్రోన్: ఆదివారం జెట్లు లేకపోతే ఎగరేయొచ్చా?

కొత్త_రెక్కలు:
అందరికీ నమస్కారం. డ్రోన్ కొని మూడు వారాలైంది. బరువు 249 గ్రాములు. మేముండే చోటికి వాయుసేన ఎయిర్‌ఫీల్డ్ కంచె నాలుగు కిలోమీటర్ల దూరం. మధ్యలో ఒక చెరువుంది. తెల్లారేటప్పుడు నీళ్ల మీద మంచు పొర లేస్తుంది, దాన్ని పైనుంచి తీయాలని నా ఆశ. 40 మీటర్లు దాటను. కెమెరా రన్‌వే వైపు తిప్పను. పైగా ఆదివారం అక్కడ జెట్ల చప్పుడే ఉండదు.

మొన్న గట్టు మీద పెట్టి ఆన్ చేస్తే యాప్‌లో హెచ్చరిక వచ్చింది. కింద "అర్థమైంది" అని బటన్. అది నొక్కితే మోటార్లు తిరిగాయి. భయమేసి ఆపేశాను. బటన్ ఇచ్చారంటే ఎగరేయొచ్చనే కదా? 250 గ్రాముల లోపు వాటికి అసలు రూల్సే లేవని ఒకాయన అన్నారు. నిజమేనా? తెలిసినవాళ్లు చెప్పండి.

పొలం_సర్వే:
ఆపేసి మంచి పని చేశారండీ. ఏ దేశమో రాయలేదు. నేను ఇండియాలో పొలాల సర్వే చేస్తాను, ఇక్కడి సంగతి చెప్తాను.

2021 డ్రోన్ రూల్స్ ప్రకారం ఆకాశమంతా ఆకుపచ్చ, పసుపు, ఎరుపు జోన్లు. ప్రభుత్వ డ్రోన్ వెబ్‌సైట్ డిజిటల్ స్కై మ్యాప్‌లో కనిపిస్తాయి. నడుస్తున్న ఎయిర్‌పోర్ట్ ప్రహరీ నుంచి 5 నుంచి 8 కిలోమీటర్ల మధ్య అయితే నేల నుంచే పసుపు, అంటే అక్కడి ఏటీసీ (విమానాల రాకపోకలు నియంత్రించేవాళ్లు) అనుమతి కావాలి. 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య 200 అడుగుల వరకు ఆకుపచ్చ. ఎరుపులో కేంద్ర ప్రభుత్వ అనుమతి తప్ప ఇంకో దారి లేదు. సైనిక స్థావరాల దగ్గర నాకు ఎదురయ్యేది ఎరుపే.

250 గ్రాముల వరకు ఉన్న నానో డ్రోన్‌కి పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదన్న మాట నిజం. ఆయన దాన్నే పట్టుకుని రూల్సే లేవనేసినట్టున్నారు. జోన్‌కి బరువుతో సంబంధం లేదు. మ్యాప్ కూడా మారుతుంటుంది. పొలానికి బయల్దేరే ముందు ప్రతి పొద్దునా నేను మళ్లీ చూసుకుంటాను, నిన్న చూసింది ఈరోజుకి పనికిరాదు.

పాత_కంట్రోలర్:
బాబూ, సైనిక ఎయిర్‌ఫీల్డ్ టవర్‌లో చాలా ఏళ్లు కూర్చున్నవాణ్ని. నీ ప్రశ్నలో నన్ను కలవరపెట్టింది ఆ "ఆదివారం" అన్న మాట.

జెట్ల చప్పుడు లేకపోతే ఫీల్డ్ మూసినట్టు కాదు. సెలవు రోజుల్లో గ్లైడర్లు ఎగురుతాయి, వాటికి ఇంజిన్ చప్పుడే ఉండదు. రెస్క్యూ హెలికాప్టర్ ఎప్పుడొస్తుందో ముందు రోజు మాకే తెలియదు. నైట్ విజన్ గాగుల్స్‌తో శిక్షణ జరిగే రాత్రుల్లో హెలికాప్టర్ బయటి లైట్లు ఆర్పేసి వస్తుంది. నువ్వు గట్టు మీద నిలబడి ఎంత చూసినా నీ కంటికి ఆనదు.

ఒక శనివారం పొద్దున్న సంగతి చెప్తాను. షెడ్యూల్‌లో ఒక్క విమానం లేదు. ఇంధనం కోసం ఒక హెలికాప్టర్ మా వైపు మళ్లింది. మబ్బు కిందికి దిగి ఉంది, అందుకని వాగు వెంబడి బాగా తక్కువ ఎత్తులో వస్తోంది. పైలట్ గొంతు వినిపించింది: "డ్రోన్, ఎడమవైపు, మా ఎత్తులోనే." బైనాక్యులర్స్ ఎత్తాను. నాలుగు కిలోమీటర్ల దూరంలో జానెడు వస్తువు, ఎలా కనిపిస్తుంది? అతను పక్కకు తిరిగి దూరంగా చుట్లు కొట్టాడు. నా ముందున్న ఫ్లైట్ స్ట్రిప్ (విమానం వివరాలు రాసుకునే కాగితం ముక్క) మీద పెన్సిల్‌తో టైమ్ రాస్తూ పోయాను. పదకొండు నిమిషాలు. ఇంధనం కోసం వచ్చినవాడు గాల్లో పదకొండు నిమిషాలు ఇంధనం కాల్చుకున్నాడు. ఆ డ్రోన్ ఎవరిదో ఆఖరికీ తెలియలేదు. వాళ్లూ నీలాగే మంచివాళ్లే అయ్యుంటారు, అదే నా బాధ.

కాబట్టి 40 మీటర్లే కదా అనుకోకు. జెట్‌కి అది చాలా కిందే, కానీ హెలికాప్టర్ అక్కడా తిరుగుతుంది. పైగా నీ రిమోట్‌లో కనిపించే ఎత్తు నువ్వు లేపిన చోటు నుంచి లెక్క. గట్టు ఎత్తు దాంట్లో కలవదు. రన్‌వే వైపు 300 నాట్ల వేగంతో, అంటే గంటకు సుమారు 555 కిలోమీటర్లతో వచ్చే జెట్ సెకనుకి 150 మీటర్లు దాటేస్తుంది. నీ చెరువు నుంచి కంచె దాకా అర నిమిషం కూడా పట్టదు.

ఇక బటన్ సంగతి. 2017 సెప్టెంబర్ 21న న్యూయార్క్ దగ్గర అమెరికా సైన్యం బ్లాక్ హాక్ హెలికాప్టర్‌ని ఒక ఫాంటమ్ 4 డ్రోన్ తాకింది. రోటర్ బ్లేడ్‌కి సొట్ట పడింది. అప్పుడక్కడ తాత్కాలిక ఆంక్ష అమల్లో ఉంది. ఎగరేసినాయన నిషేధం ఉంటే యాప్ చెప్తుందిలే అని దాని మీదే ఆధారపడ్డాడు. డ్రోన్ కంటికి కనిపించనంత దూరం వెళ్లింది. గుద్దిన సంగతే ఆయనకు తెలియదు. హెలికాప్టర్‌లో ఇరుక్కున్న డ్రోన్ ముక్క మీది సీరియల్ నంబర్ పట్టుకుని దర్యాప్తువాళ్లు వచ్చి చెప్తే తెలిసింది. 2025 జనవరిలో డ్రోన్ల కంపెనీ డీజేఐ అమెరికాలో జియోఫెన్స్ (నిషేధిత చోట డ్రోన్‌ని లేవనివ్వకుండా అడ్డుకునే ఏర్పాటు) తీసేసి హెచ్చరికలకే పరిమితమైంది. కాబట్టి మోటార్లు తిరిగాయంటే మోటార్లు బాగున్నాయని అర్థం, అంతే. అనుమతి వేరే చోట దొరుకుతుంది.

చెరువు_అవతల:
నేను బ్రిటన్‌లో ఉంటాను. ఇక్కడ దూరం కొలిచే పద్ధతే వేరు, అది చెప్దామని వచ్చాను. మీరు కంచె నుంచి కొలిచారు. ఇక్కడ అతి పొడుగు రన్‌వే నట్టనడుమ నుంచి 2 లేదా 2.5 నాటికల్ మైళ్ల (సుమారు 3.7 లేదా 4.6 కిలోమీటర్ల) వ్యాసార్థంతో వృత్తం గీస్తారు, సైనిక ఎయిర్‌ఫీల్డ్‌లకీ అంతే. దానికి తోడు రన్‌వే రెండు కొసల నుంచి 5 కిలోమీటర్ల పొడవు, కిలోమీటరు వెడల్పుతో పట్టీలు బయటికి సాగుతాయి. 250 గ్రాముల లోపు డ్రోన్‌కీ మినహాయింపు లేదు. 2018 డిసెంబర్‌లో లండన్ గాట్విక్ ఎయిర్‌పోర్ట్‌లో డ్రోన్లు కనిపించాయని విమానాలు ఆపేసిన గొడవ జరిగాక, 2019 మార్చి నుంచి ఈ హద్దులు పెరిగాయి. కంచె నుంచి దూరం సరిపోయిందనుకున్న చోటు ఆ పట్టీలో పడొచ్చు.

అనుమతి అడగడం మాత్రం అంత కష్టం కాదు, భయపడకండి. నేను ఇక్కడి సైనిక ఎయిర్‌ఫీల్డ్‌కి రెండు వారాల ముందే మెయిల్ పెట్టాను. మ్యాప్‌లో చోటు గుర్తు పెట్టి, టైమ్, ఎత్తు, ఫోన్ నంబర్ రాశాను. ఎగరేసే ముందూ దించాక టవర్‌కి ఫోన్ చెయ్యాలన్న షరతుతో ఒప్పుకున్నారు. ఆ రోజు ఫోన్ చేస్తే "ఇప్పుడు కుదరదు" అన్నారు. బ్యాగ్ సర్దుకుని ఇంటికొచ్చేశాను. మళ్లీ వారం దొరికింది.

కొత్త_రెక్కలు:
అందరికీ ధన్యవాదాలు. ఇప్పుడే మ్యాప్ తెరిచి రన్‌వే గీతని స్కేలుతో ముందుకి పొడిగించి చూశాను. సరిగ్గా చెరువు మధ్యలోంచి వెళ్తోంది. కంట్రోలర్ గారూ, రాత్రంతా ఆ పదకొండు నిమిషాలే గుర్తొచ్చాయి. మా దేశం నియమాలు చదివి, ఎయిర్‌ఫీల్డ్‌కి మెయిల్ రాస్తాను. అందులో ఇంకేం రాయాలి?

పాత_కంట్రోలర్:
డ్రోన్ రంగు, బరువు రాయి. సిగ్నల్ తెగితే ఎంత ఎత్తుకు లేచి వెనక్కి వస్తుందో ఆ అంకె తప్పకుండా రాయి, చాలామంది మర్చిపోయేది అదే. యాప్ సెట్టింగ్స్‌లో చూడు. మొదటి నుంచీ ఉన్న అంకె నువ్వు చెప్పిన 40 మీటర్ల కంటే ఎక్కువ ఉండొచ్చు. ముందు దాన్ని తగ్గించు, గట్టు మీది చెట్లకి తగలకుండా చూసుకో, ఆ తర్వాత మెయిల్ పంపు. ఫోన్ దగ్గరుండేది నువ్వేనని కూడా రాయి. పంపే ముందు ఇక్కడ పెట్టు, ఒకసారి చదువుతాను. నంబర్ మాత్రం తీసేసి పెట్టు.