లోర్ బార్డ్‌కి 6వ లెవెల్‌లో ఏ రెండు మంత్రాలు తీసుకోవాలి?

అందరికీ నమస్కారం. డంజన్స్ అండ్ డ్రాగన్స్ (ఒక్కొక్కరూ ఒక పాత్రగా, పాచికలతో ఆడే ఆట), 2014 రూల్స్‌తో ఆడుతున్నాం. నాది లోర్ కాలేజ్ బార్డ్ (మంత్రాలు వేసే గాయక పాత్ర, అందులో లోర్ అనే శాఖ), మంత్రాలకి వాడే కరిష్మా స్కోర్ 18. వచ్చే ఆటకి 6వ లెవెల్ వస్తుంది. ఏ క్లాస్ (పాత్ర రకం) నుంచైనా రెండు మంత్రాలు తీసుకోవచ్చు కదా, అక్కడే తేల్చుకోలేకపోతున్నాను.

మా జట్టులో ఫైటర్, బార్బేరియన్, రోగ్ ఉన్నారు. మంత్రాలు వేసే క్లెరిక్ లేరు, విజార్డ్ లేరు. పోయిన ఆదివారం ఫైటర్ పడిపోతే హీలింగ్ వర్డ్ (గాయాలు మాన్పే మంత్రం) వేశాను. ఆరు ప్రాణ పాయింట్లతో లేచాడు, ఓగర్ తర్వాతి దెబ్బకే మళ్లీ పడ్డాడు. చచ్చిపోతాడేమోనని చాలా టెన్షన్ పడ్డాను. అందుకే రివివిఫై (చనిపోయినవాళ్లని బతికించే మంత్రం) ఖాయం అనుకుంటున్నాను. చనిపోయి నిమిషం దాటకముందే వేయాలి, వేసిన ప్రతిసారీ 300 బంగారు నాణేల విలువైన వజ్రాలు పోతాయి. అయినా సరే.

ఇక రెండోది. కౌంటర్‌స్పెల్ (శత్రువు మంత్రాన్ని ఆపేది) అంటే ఇష్టమే, దాని చెక్‌కి, అంటే పాచిక వేసి చూసేదానికి, జాక్ ఆఫ్ ఆల్ ట్రేడ్స్ అనే బార్డ్ బోనస్ కూడా కలుస్తుంది. కానీ అదీ రియాక్షనే (ఎదుటివాళ్లు ఏదైనా చేసినప్పుడు అప్పటికప్పుడు చేసేది), కటింగ్ వర్డ్స్ (శత్రువు పాచిక అంకె తగ్గించే లోర్ బార్డ్ శక్తి) కూడా రియాక్షనే. రౌండ్‌కి ఒక్కటే కుదురుతుంది. స్పిరిట్ గార్డియన్స్ (నా చుట్టూ ఆత్మలు తిరిగి శత్రువులని గాయపరిచే మంత్రం) తీసుకుంటే, శత్రువులని మైమరపించే హిప్నాటిక్ ప్యాటర్న్‌తో కాన్సన్‌ట్రేషన్ దగ్గర గొడవ, అలాంటి మంత్రం ఒకసారికి ఒక్కటే నిలుస్తుంది. పైగా శత్రువుల మధ్యకి వెళ్లాలి.

లోర్ బార్డ్ ఆడినవాళ్లు చెప్పండి, మీకు ఏది ఎక్కువ అక్కరకొచ్చింది?