‘నరం బిరుసెక్కింది’ అనవచ్చా?

నెల్లూరు నుంచి ప్రశ్న: మా నాన్నగారికి మెడ దగ్గర డాప్లర్ స్కాన్ (రక్తనాళాలను చూసే అల్ట్రాసౌండ్ పరీక్ష) తీశారు. ఆర్టరీ స్టిఫ్‌నెస్ ఎక్కువగా ఉందని రిపోర్టులో రాశారు. పుస్తకాల్లో దీన్ని ‘ధమనీ కాఠిన్యం’ అంటున్నారు. ఆ మాట చదివి వినిపిస్తే ఆయనకు టెన్షన్ ఇంకా పెరిగింది. ఇంట్లో చెప్పుకునే మాట ఏదైనా ఉందా అండీ? ‘నరం గట్టిపడింది’ అంటే సరిపోతుందా?

కందుకూరు నుంచి జవాబు: ‘గట్టిపడింది’ వద్దండీ. అది చెవిన పడగానే రక్తం గడ్డకట్టిందేమోనని భయపడేవాళ్లే ఎక్కువ. ఆ జబ్బు వేరు. నేనైతే ‘బిరుసెక్కింది’ అంటాను. బోరు దగ్గర ఏళ్ల తరబడి ఎండకు ఎండిన రబ్బరు పైపును మా వైపు బిరుసెక్కిందంటాం. నీళ్లు పోతూనే ఉంటాయి, కానీ పైపు మునుపటిలా సాగదు. స్టిఫ్‌నెస్ అంటే అదే.

గుండె కొట్టుకున్న ప్రతిసారీ మెడలోని పెద్ద రక్తనాళం కాస్త ఉబ్బి మళ్లీ సర్దుకుంటుంది. దాని వెడల్పు సుమారు 6 మిల్లీమీటర్లు. ఉబ్బేది అందులో మిల్లీమీటరుకు లోపే. జెల్ రాసి ప్రోబ్ ఆనిస్తే అంత చిన్న కదలిక కూడా తెర మీద తెలిసిపోతుంది. ఎంత ఉబ్బింది, అప్పుడు బీపీ ఎంత ఉంది అన్నవి కలిపి లెక్కగట్టి, నాళం ఏ మాత్రం సాగుతోందో తేలుస్తారు. గుండె కొట్టుకున్నప్పుడు నాళాల్లో పుట్టే నాడి అల మెడకూ, తొడ మొదట్లోని గజ్జకూ చేరే సమయాల్లో తేడా చూసి, దాని వేగం కట్టే పద్ధతి కూడా ఉంది. బిరుసు నాళంలో అల త్వరగా పరుగెడుతుంది. సెకనుకు 10 మీటర్లు దాటితే బిరుసు ఎక్కువైనట్టు. వయసు మీద పడేకొద్దీ నాళం గోడలో సాగే గుణమిచ్చే ఎలాస్టిన్ పోగులు తెగి, బిరుసునిచ్చే కొల్లాజెన్ పెరుగుతుంది. బీపీ, షుగర్, పొగతాగడం దాన్ని ఇంకా తొందరపెడతాయి.

గోడ మందం గురించి కూడా రిపోర్టులో ఉంటే దానికి ‘దళసరి’ అనండి. కొవ్వు పేరుకుని దారి ఇరుకైతే ‘పూడిక’. కాలవలున్న ఊళ్లలో ఆ మాట ఎవరికీ విడమర్చి చెప్పక్కర్లేదు.

ఒంగోలు నుంచి: బిరుసు బాగుందన్నా. మరి ‘నరం’ అనవచ్చా?

కందుకూరు నుంచి: సెలైన్ పెట్టేటప్పుడు నర్సు ‘నరం దొరకలేదు’ అంటే అది రక్తనాళం. ‘నరాల బలహీనత’లో నరం వేరు. మాటల్లో రెండూ చెల్లుతాయి, తప్పని నేననను. కానీ జబ్బు సంగతి చెప్పేటప్పుడు నరం అంటే ఆ మనిషి నరాల డాక్టరును వెతుక్కుంటూ పోతాడు. అందుకే ‘రక్తనాళం బిరుసెక్కింది’ అనడమే మేలు.

నెల్లూరు నుంచి: ప్లాక్, అంటే పేరుకున్న కొవ్వు, లేదని రిపోర్టులోనే ఉందండీ. అయితే నాన్నగారితో ‘మెడలో రక్తనాళం బిరుసెక్కింది, పూడిక మాత్రం లేదు’ అంటాను.

కందుకూరు నుంచి: అలాగే చెప్పండి. బీపీ మాత్రలు మార్చాలా వద్దా అన్నది డాక్టరుగారిని అడగండి.