ఒంటిపూట బడులు మొదలయ్యాయి, మధ్యాహ్నాలు ఇద్దరు పిల్లలతో ఎలా?

నమస్కారం అండీ. మాది హనుమకొండ. నాకు ఇద్దరు మగపిల్లలు. పెద్దోడికి 8 ఏళ్లు, చిన్నోడికి ఇంకా 4 నిండలేదు. మార్చి సగం నుంచి ఒంటిపూట బడులు కదా, పెద్దోడిని 12:30కే వదిలేస్తున్నారు. అన్నం తిన్నాక ఎండ తగ్గేదాకా ఇద్దరూ ఇంట్లోనే ఉంటారు.

నేను ఇంట్లో మిషన్ కుడతాను. ఉగాదికి ఇవ్వాల్సిన జాకెట్లన్నీ ఇప్పుడే వస్తాయి. పోయినేడు ఆ టైంలో ఫోన్ ఇచ్చి కూర్చోబెట్టాను. సాయంత్రం తీసుకుంటే ఒకటే ఏడుపు, రాత్రి అన్నం కూడా సరిగ్గా తినేవాళ్లు కాదు. ఈసారి ఇవ్వొద్దని గట్టిగా అనుకున్నాను.

మా అత్తమ్మ వామనగుంటల పీట తీసిచ్చింది. పెద్దోడికి భలే నచ్చింది, లెక్కపెట్టడం కూడా చురుగ్గా వస్తోంది. కానీ మొన్న చిన్నోడు చింతగింజ నోట్లో పెట్టుకున్నాడు. వెంటనే ఉమ్మేశాడు గానీ నాకు చాలాసేపు చేతులు వణికాయి. నిన్న అన్నం వార్చి వచ్చేసరికి మిషన్ చక్రం తిప్పుతున్నాడు. అప్పటి నుంచి ఒకటే టెన్షన్.

హోలీకి మోదుగుపూలు నీళ్లలో ఉడికించి రంగు చేశాం. పూరేకులు తుంచడం చిన్నోడి పని, వడకట్టడం పెద్దోడి పని. ఆ పూటంతా ఒక్కసారి కూడా కొట్టుకోలేదు! అలా ఇద్దరికీ చెరో పని దొరికే ఆటలు, పనులు మీకు తెలిసినవి చెప్తారా? కుట్టుపని చేసే అమ్మలు మిషన్ దగ్గరికి చిన్నపిల్లలు రాకుండా ఏం చేస్తున్నారు? మాది ఒకే గది, తలుపు వేసుకునే వీలు లేదు.