మిషన్ బడి ఏ సంవత్సరంలో పుట్టిందో, ఆడపిల్లలు ఎప్పుడు చేరారో తేల్చడమెట్లా?

ప్రశ్న:
చిత్తూరులో చర్చి పెట్టిన చిన్నపిల్లల బడి చరిత్ర రాస్తున్నాం. గోడమీది శిలాఫలకంలో ఒక సంవత్సరం, చర్చి మినిట్స్ పుస్తకంలో ఇంకోటి, గుర్తింపు పత్రంలో మూడోది ఉంది. ఏది రాయాలి? మొదటినుంచీ కో-ఎడ్యుకేషనేనా, తర్వాత కలిపారా? తిరుపతి వైపు బళ్ళ కాగితాలు కూడా ఒకచోటే దొరుకుతాయా?

జవాబు 1:
మూడూ నిజమే కావచ్చు సార్. పాఠం మొదలైన రోజు వేరు, సర్కారు గుర్తింపు వేరు, కట్టడం వేరు. 1854లో బ్రిటిష్ వాళ్ళ విద్యా ఉత్తర్వు వుడ్స్ డిస్పాచ్‌తో ప్రైవేటు బళ్ళకు సర్కారు గ్రాంట్ల పద్ధతి వచ్చింది. గ్రాంటు కావాలంటే ఇన్‌స్పెక్టర్ తనిఖీ ఉండాలి, అందుకే బడి నడిచాకే గుర్తింపు వస్తుంది. మూడు తేదీలూ విడివిడిగా రాయండి.

రెండో సంగతికి అడ్మిషన్ రిజిస్టరే సాక్షి. వరుస నంబర్లు చూడండి. ఆడ, మగ ఒకే వరుసలో వస్తుంటే బడి ఒకటే. ఒకే రోజు చాలామంది ఆడపిల్లలు రెండు, మూడు తరగతుల్లోకి చేరినట్టుంటే, పక్కనున్న ఆడపిల్లల బడిని ఇందులో కలిపి ఉండొచ్చు. "ఇంతకుముందు చదివిన బడి" గడి చూస్తే తేలిపోతుంది. పేరును బట్టి మాత్రం లెక్క వేయకండి. రత్నం, మాణిక్యం లాంటి పేర్లు ఇద్దరికీ ఉంటాయి.

జవాబు 2:
కాగితాలు ఒకచోట ఉండవండీ. చిత్తూరు జిల్లా పుట్టింది 1911లో. అంతకుముందు చిత్తూరు, తిరుపతి నార్త్ ఆర్కాట్‌లో, మదనపల్లె కడప జిల్లాలో ఉండేవి. చెన్నై ఎగ్మోర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఆ జిల్లాల పేర్ల కిందే వెతకాలి.

మిషన్లూ వేరే. చిత్తూరు, మదనపల్లెలది 1853లో స్కడర్ సోదరులు మొదలుపెట్టిన ఆర్కాట్ మిషన్, అమెరికా రిఫార్మ్డ్ చర్చిది. 1947లో చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా అనే సీఎస్‌ఐలో కలిసింది. తిరుపతి, శ్రీకాళహస్తి వైపు జర్మనీ హెర్మన్స్‌బర్గ్ లూథరన్లు. మొదటి ప్రపంచయుద్ధం వచ్చాక జర్మన్లు పని సాగించలేకపోయారు, అమెరికాలోని ఒహయో సినడ్ అనే లూథరన్ చర్చి సంఘం ఆ పని తీసుకుంది. జర్మన్ నివేదికలు అక్కడ ఆగిపోతాయి, అంతమాత్రాన బడి మూతపడిందని రాసేయకండి. తర్వాతి కథ ఇంగ్లీషు నివేదికల్లో దొరుకుతుంది.

జవాబు 3:
స్థలం కాగితాల్లో ఫసలీ (జూలైలో మొదలయ్యే రెవెన్యూ సంవత్సరం) ఉంటే, ఇంగ్లీషు సంవత్సరం కోసం 590 కలపండి. ఫసలీ 1320 అంటే 1910 జూలై నుంచి 1911 జూన్ వరకు. మరో పొరపాటు: మిషన్ నివేదికలో "పిల్లలు ఇంతమంది" అన్న అంకె ఒక్కోసారి ఆ మిషన్ స్టేషన్ (మిషనరీల కేంద్రం) కింద ఉన్న బళ్ళన్నిటిదీ. మీ బడి పేరు పక్కన ఉన్నదే తీసుకోండి. చినిగిన రిజిస్టర్లకు సెల్లోటేప్ వద్దు, జిగురు కాగితంలోకి ఇంకి మరకలు పడతాయి. పగటి వెలుతురులో పేజీ పేజీ ఫోటో తీసి, అసలు పుస్తకాన్ని గుడ్డలో చుట్టి పెట్టండి.