సాల్మన్ పింకా, కనకాంబరమా?

హనుమకొండ కోడలు: మొన్న మా ఆడపడుచు కూతురి పెళ్ళికి చీరలు కొనడానికి వెళ్ళాం. షాపబ్బాయి ఒకటి విప్పి "ఇది సాల్మన్ పింక్ మేడమ్, ఇప్పుడిదే ట్రెండ్" అన్నాడు. మా అత్తగారు "కనకాంబరం రంగని చెప్పలేవూ నాయనా?" అన్నారు. అతను ఊరుకోక, ఫోన్లో చేప ముక్క ఫొటో తీసి చూపించాడు. ఆవిడ పక్కా శాకాహారి. మళ్ళీ ఆ చీర ముట్టుకుంటే ఒట్టు! ఇంతకీ కనకాంబరం అంటే సరిపోతుందా? ఆ చేపకి తెలుగు పేరుందా?

చీరాల మగ్గం: కనకాంబరం కాస్త నారింజ వైపుకి పోతుందమ్మా, మీ షాపబ్బాయి చెప్పింది గులాబీ వైపు. "లేత కనకాంబరం" అనండి. వంకాయ రంగు, చిలకపచ్చ, నెమలికంఠం, ఇటుక రంగు... ఇంత సముద్రం పెట్టుకుని కూడా మనం చీరకి చేప పేరు పెట్టినట్టు నాకు గుర్తు లేదు. పెట్టడానికి ఏముంది, మన చేపలు చాలావరకు పైన వెండి, కోస్తే తెలుపు.

వైజాగ్ వాసి: చేప సంగతి నేను చెప్తా. ఇక్కడ "ఇండియన్ సాల్మన్" అని అమ్మేది మన మాగ. ముంబైలో రావస్ అంటారు. దానికీ సాల్మన్‌కీ చుట్టరికం లేదు, మాంసం తెలుపు. మా ఆఫీసులో ఒకాయన ఆ పేరు చూసి ఆర్డరిచ్చి, తెల్ల ముక్కలు వచ్చాయని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా గొణుగుతూనే ఉన్నాడు. అసలుది ఉత్తర అట్లాంటిక్, ఉత్తర పసిఫిక్‌లది. బంగాళాఖాతంలో లేని చేపకి మన జాలర్లు పేరెందుకు పెడతారు?

సియాటిల్ అక్క: ముందు ఉచ్చారణ. ఇంగ్లీషులో ల పలకరు, "సామన్" అంటారు. ఫ్రెంచి నుంచి వచ్చినప్పుడు ఆ ల లేదు, తర్వాత లాటిన్ చూసి రాతలో ఇరికించారు. కొత్తలో మా ఆయన "సామన్ తెచ్చా" అంటే "ఏం సామాను?" అన్నాను.

ఇక్కడ బలార్డ్ దగ్గర చేపలు ఎక్కడానికి నీటి మెట్లు కట్టారు, పక్కనే అద్దాల కిటికీ. జులైలో నిలబడితే సాకై సాల్మన్ ఏటికి ఎదురీదుతూ ముక్కు అద్దానికి ఆనించినంత దగ్గరగా కనిపిస్తుంది. అప్పటికింకా వెండి రంగే. గుడ్లు పెట్టే చోటికి చేరేసరికి ఒళ్ళంతా ఎర్రబడి తల పచ్చగా మారుతుంది. మాంసంలోని రంగు చర్మానికీ గుడ్లకీ వెళ్ళి, లోపల పాలిపోతుంది. ఆ రంగు కూడా దాని సొంతం కాదు. చిన్న రొయ్యల్లాంటివి తింటే వచ్చే అస్టాజాంథిన్. రొయ్య మూకుట్లో పడగానే ఎర్రబడుతుంది చూడండి, అదే పదార్థం వేడికి బయటపడుతుంది. పెంపకం చేపకి మేతలో కలిపి పెడతారు, లేకపోతే మాంసం బూడిద రంగులో ఉండి ఎవరూ కొనరు. ఎంత రంగు రావాలో చూసుకోవడానికి షేడ్ కార్డు కూడా ఉంది, అచ్చం మీ చీరల షాపులో లాగే.

పాత నిఘంటువుల పిచ్చోడు: ఒక కొసరు. సాల్మన్‌కి జర్మన్ మాట "లాక్స్". మధ్య ఆసియాలో ఒకప్పుడు ఉన్న తొకారియన్ భాషలో "లక్స్" అంటే ఏ చేపైనా సరే. గుంపులుగా వచ్చే ఈ చేప నుంచే సంస్కృత "లక్ష", దాని మాంసం ఎరుపు నుంచే "లాక్ష" (మన లక్క) పుట్టాయని పాల్ తీమె అనే జర్మన్ పండితుడు వాదించాడు. నేనైతే నమ్మను. లక్క రంగు ఉన్న దేశంలో దానికి చేపతో పనేంటి?

రాజమండ్రి: అదీ సముద్రం నుంచి ఏటికి ఎదురెక్కేదేగా? సీమచింత, సీమవంకాయ ఉన్నట్టే "సీమపులస" అనేద్దాం.

వైజాగ్ వాసి: సముద్రంలో ఇలస గోదారెక్కితే పులస అవుతుంది, ఆ పేరు ఆ నీళ్ళది. దాన్ని ఇంకో చేపకి అప్పిస్తే మీ ఊరివాళ్ళే మిమ్మల్ని గోదాట్లో తోస్తారు.

హనుమకొండ కోడలు: మొత్తం అత్తగారికి చదివి వినిపించాను. రొయ్య దగ్గర లేచి వెళ్ళిపోయారు. చీర మాత్రం ఆడపడుచు కొనేసింది. బిల్లులో "సాల్మన్ పింకు" అనే ఉంది. జాకెట్టుకి దర్జీకిచ్చిన చీటీ మీద నేను "లేత కనకాంబరం" అని రాశాను, ఆయన మారు అడక్కుండా సరైన దారం తీశాడు.