ముందు ఎడమవైపు కార్పెట్ కింద నీళ్లు: ఎక్కడి నుంచి దిగుతున్నాయి?

కాకినాడ_తీరం:
సభ్యులందరికీ నమస్కారం. మాది ఆరేళ్ల కిందట కొన్న చిన్న హ్యాచ్‌బ్యాక్. దీనికి సన్‌రూఫ్ లేదు. మూడు వారాలుగా పెద్ద వాన కురిసిన ప్రతిసారీ ముందు ఎడమవైపు సీటు దగ్గర, కాళ్లు పెట్టుకునే చోట కార్పెట్ తడిసిపోతోంది. చేత్తో తాకితే కాస్త చెమ్మగా ఉన్నట్టే అనిపించింది గానీ, మొన్న రబ్బరు మ్యాట్ తీసి మడమతో గట్టిగా నొక్కితే కింది స్పాంజిలోంచి నీళ్లు పైకి ఊరాయి. ఆ సీటులో కూర్చునేది మా అమ్మగారు. ఆమెకు ఆయాసం ఉంది. తలుపు తీయగానే ముక్కిన వాసన వస్తుంటే ఆమెను ఎక్కించడానికి మనసు ఒప్పడం లేదు. ఇక్కడ ఒక షెడ్డులో చూపిస్తే ముందు అద్దం చుట్టూ సిలికాన్ పూసి 1,800 రూపాయలు తీసుకున్నారు. ఆ తర్వాతి వానకే కార్పెట్ మళ్లీ తడిసింది. ఈ బాధ పడి బయటపడినవారు దయచేసి దారి చెప్పండి.

గుంటూరు_షెడ్డు:
అయ్యా, నేను ఇరవై ఏళ్లుగా ఈ పనిలో ఉన్నాను. నీళ్లు దిగేది ఒక చోట, తేలేది మరో చోట. కార్పెట్ కింద మందమైన స్పాంజి ఉంటుంది, దాని కింద రేకు వంపులు తిరిగి ఉంటుంది. బండి ఎటు వాలి నిలబడితే నీళ్లు అటు పారుతాయి. చోటు తేలకుండా సిలికాన్ పూస్తే డబ్బు పోవడమే కాక, రేపు అసలు చోటు దొరికినప్పుడు ఆ పాత పూతను గోకి తీయడం మరో పని అవుతుంది.

ముందుగా ఆ నీళ్లు ఏ నీళ్లో తేల్చుకోండి. వాన లేని రోజున కార్పెట్‌ను వీలైనంత ఆరబెట్టి, ఏసీ వేసి ఒక గంట తిరగండి. ఏసీ నడిచేటప్పుడు గాలిని చల్లబరిచే ఇవాపరేటర్ మీద పట్టిన చెమ్మ ఒక సన్నని రబ్బరు పైపు గుండా బండి కిందికి కారిపోవాలి. మన ఉక్కపోతలో ఆగిన బండి కింద ఆ నీళ్లు చిన్న మడుగు కడతాయి. చుక్క కూడా పడకపోతే ఆ పైపు దుమ్ముతో పూడుకుపోయిందని, నీళ్లు వెనక్కి తన్ని డ్యాష్‌బోర్డు కింద కారుతున్నాయని అనుమానించాలి. ఆ నీళ్లు తేటగా, వాసన లేకుండా ఉంటాయి. వేలికి జిడ్డుగా తగిలి తియ్యని వాసన వస్తూ, అద్దం లోపలివైపు తుడిచినా పోని మసక పడుతుంటే అది హీటర్ నుంచి కారే కూలెంట్, అంటే ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం. అప్పుడు మాత్రం ఆలస్యం చేయకండి, ఇంజన్‌కే ప్రమాదం.

కాకినాడ_తీరం:
గుంటూరువారికి కృతజ్ఞతలు. మీరు చెప్పినట్టే చేశాను. ఏసీ నీళ్లు కింద చక్కగా పడుతున్నాయి, లోపల పరిచిన న్యూస్‌పేపరు పొడిగానే ఉంది. కానీ నిన్న రాత్రి బండి కదలకుండా వానలో నిలిచే ఉన్నా, పొద్దునకల్లా పేపరు తడిసింది. పైగా దాని మీద సన్నని మట్టి చారిక ఉంది. అంటే ఇది వాన నీరేనని తేలినట్టే కదా?

వరంగల్_చెట్టునీడ:
మట్టి ఉందంటే వాన నీరే. మీరు బండి ఏ చెట్టు కింద ఆపుతారు? నేను తురాయి చెట్టు కింద ఆపేవాణ్ని. దాని ఆకులు బియ్యపు గింజలంత సన్నగా ఉంటాయి కాబట్టి వైపర్ల కింద ఉన్న ప్లాస్టిక్ జాలీలోంచి సులువుగా జారిపోతాయి. ఆ జాలీ కింద, అద్దం మీది నుంచి దిగిన నీళ్లు పక్కలకు పోవడానికి ఒక తొట్టి వంటిది, దానికి రెండు చివర్లా రంధ్రాలు ఉంటాయి. అవి ఆకులతో మూసుకుపోతే తొట్టి నిండి, బ్లోయర్‌కు గాలి తీసుకునే దారిలోంచి నీళ్లు లోపలికి దిగుతాయి. గ్లోవ్‌బాక్స్ విప్పి, లోపలికి వచ్చే గాలిని వడకట్టే క్యాబిన్ ఫిల్టర్ బయటికి తీసి చూడండి. అది తడిసి ముడుచుకుపోయి ఉంటే నీళ్లు ఆ దారినే వస్తున్నాయని రుజువు. నా బండిలో ఆ తొట్టి నుంచి రెండు దోసిళ్ల నల్లని ఎరువు తీశాను.

నల్గొండ_రహదారి:
నాకు ఇదే తంటా తలుపు వల్ల వచ్చింది. అద్దానికీ బయటి బీడింగుకూ మధ్య నుంచి వాన నీళ్లు తలుపు లోపలికి దిగడం తప్పు కాదని, అవి తలుపు అడుగున ఉన్న రంధ్రాల గుండా బయటికి పోయేలా కంపెనీలే చేస్తాయని నాకు అప్పటిదాకా తెలియదు. ఆ నీళ్లు మనవైపు రాకుండా, తలుపు లోపలివైపు బిగించే డోర్‌ప్యాడ్ వెనక ఒక ప్లాస్టిక్ షీటును నల్లని జిగురుతో అంటిస్తారు. నేను స్పీకర్లు మార్పించినప్పుడు పనివారు ఆ షీటును లాగి, తిరిగి సరిగా అంటించలేదు. డోర్‌ప్యాడ్ విప్పి పై నుంచి చెంబుతో నీళ్లు పోశాను. షీటు కింది అంచు ఎత్తుకున్న చోట నీళ్లు పలుచని పొరలా జారి, గడప ప్లాస్టిక్ కిందికి దూరిపోవడం కళ్లారా చూశాను. పాత జిగురంతా తీసి బ్యూటైల్ టేపుతో (మెత్తని జిగురు రబ్బరు పట్టీ) అంటించాక మూడు వానాకాలాలు గడిచాయి, చుక్క రాలేదు. అడుగు రంధ్రాలను కూడా పుల్లతో శుభ్రం చేయడం మరువకండి.

హైదరాబాద్_సన్‌రూఫ్:
ప్రశ్న అడిగినవారికి సన్‌రూఫ్ లేదు గానీ, ఉన్నవారి కోసం రాస్తున్నాను. సన్‌రూఫ్ రబ్బరు నీటిని పూర్తిగా ఆపదు. దాటి వచ్చిన నీరు చుట్టూ ఉన్న కాలువలో పడి, మూలల నుంచి స్తంభాల లోపలగా దిగే సన్నని గొట్టాల ద్వారా కిందికి పోతుంది. సన్‌రూఫ్ తెరిచి ఒక్కో మూలలో చిన్న గ్లాసుడు నీళ్లు నెమ్మదిగా పోసి, బండి కింద కారుతున్నాయో లేదో చూడండి. గొట్టం మూసుకుపోతే మెత్తని నైలాన్ తీగ మెల్లగా దూర్చండి. నేను టైర్ల దుకాణంలో గాలి కొట్టించాను. ఆ ఒత్తిడికి లోపల గొట్టం అతుకు ఊడిపోయి, అంతకుముందు పైకప్పు అంచు తడిసేది కాస్తా సీటు మొత్తం తడిసింది. ఆ తప్పు మరెవరూ చేయవద్దు.

గుంటూరు_షెడ్డు:
కాకినాడవారూ, ఇక నీళ్లు పోసి చూసే పరీక్ష చేయండి. దీనికి ఇద్దరు కావాలి. డ్యాష్‌బోర్డు కింది ప్లాస్టిక్ మూత విప్పి, కార్పెట్ మూల ఎత్తి, ఒకరు టార్చితో లోపల పడుకోవాలి. మరొకరు బయట తోట పైపుతో, ఒత్తిడి లేకుండా, కింది నుంచి పైకి వరుసగా నీళ్లు పోయాలి: ముందు తలుపు అడుగు భాగం, తర్వాత తలుపు అద్దం, తర్వాత వైపర్ల తొట్టి, చివరికి ముందు అద్దం పై అంచు. ఒక్కో చోట ఐదు నిమిషాలైనా ఆగాలి. పై నుంచి మొదలుపెడితే నీళ్లు అన్నిటి మీదుగా పారి ఏ చోటో తేలదు. ఎండిన రేకు మీద సుద్దపొడి చల్లితే నీటి జాడ గీతలా కనబడుతుంది. ప్రెషర్ వాషర్ వాడకండి, అది మామూలు వానలో దిగని చోట కూడా నీళ్లు ఎక్కిస్తుంది.

విజయవాడ_గట్టు:
పాత బండి కొనేవారికి ఒక మనవి. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు మా ఊళ్లో ఎన్నో కార్లు మునిగాయి. కార్పెట్ తడిగా ఉంటే, కడిగించామని అమ్మేవారు చెప్పిన మాటతో సరిపెట్టుకోకుండా సీటుబెల్టును చివరిదాకా లాగి మట్టి మరక ఉందేమో, సీటు పట్టాల బోల్టులు తుప్పు పట్టాయేమో చూడండి.

కాకినాడ_తీరం:
ఈ రోజు మా తమ్ముడు పైపు పట్టుకుంటే నేను లోపల పడుకున్నాను. తలుపు దగ్గర పావుగంట పోసినా ఏమీ రాలేదు. వైపర్ల తొట్టిలో పోయడం మొదలుపెట్టిన నాలుగో నిమిషంలో, పైన ఎక్కడో చీకట్లోంచి ఒక చుక్క నల్లని వైరు పట్టుకుని జారుతూ వచ్చి, వైరు వంగిన చోట ఒక్క క్షణం వేలాడి, సరిగ్గా కార్పెట్ మీద పడింది. ఆ వెంటనే రెండోది, మూడోది. ఆ వైరు కంపెనీది కాదు. రెండేళ్ల కిందట కొత్త హారన్ పెట్టించినప్పుడు దుకాణంవారు ఫైర్‌వాల్‌లోని (ఇంజన్‌కూ మనం కూర్చునే భాగానికీ మధ్య ఉన్న రేకు గోడ) వైర్ల రంధ్రాన్ని మూసే రబ్బరు గ్రోమెట్‌ను బ్లేడుతో కోసి లోపలికి లాగిన తీగ అది. ఆ కోత అలాగే నోరు తెరుచుకుని ఉంది. తొట్టి ఎడమ రంధ్రం కూడా ఆకులతో మూసుకుపోయి ఉండటంతో నీళ్లు నిలిచి, పొంగి, ఆ కోత దాకా చేరుతున్నాయి. అందుకే చిన్న జల్లుకు ఏమీ కాక, పెద్ద వానకే తడిసేది. వరంగల్‌వారు చెప్పకపోతే నేను గ్రోమెట్ మాత్రమే మార్చి ఊరుకునేవాణ్ని.

గుంటూరు_షెడ్డు:
సంతోషం. కొత్త గ్రోమెట్ వేశాక ఆ తీగను లోపలికి వచ్చే ముందు కొంచెం కిందికి వంచి, మళ్లీ పైకి తీసుకుని రంధ్రంలోకి పంపండి. అప్పుడు వైరు పట్టుకుని వచ్చిన నీరు ఆ వంపు దగ్గరే బయట రాలిపోతుంది. కార్పెట్‌ను పైపైన ఎండబెడితే స్పాంజి ఆరదు, సీటు విప్పి ఎత్తాల్సిందే. సీటు కింద పసుపు రంగు కనెక్టర్లు ఎయిర్‌బ్యాగువి కనుక బ్యాటరీ తీగ తీసి కొన్ని నిమిషాలు ఆగాకే వాటిని ముట్టుకోండి.

కాకినాడ_తీరం:
అలాగే చేశాను. గ్రోమెట్ మార్చాం, తొట్టి కడిగాం, రంధ్రాలు తెరుచుకున్నాయి. సీటు విప్పి, కార్పెట్ కింద రెండు ఇటుకలు పెట్టి ఫ్యాను తిప్పుతూ నాలుగు రోజులు ఉంచాను. స్పాంజి పిండితే మొదటి రోజు దాదాపు అర బకెట్టు నీళ్లు వచ్చాయి. రాత్రి బాగా వాన పడింది. పొద్దున లేచి చూస్తే పేపరు పొడిగా, పరిచినట్టే ఉంది. వాసన పూర్తిగా పోవడానికి ఇంకొన్ని రోజులు ఎండలో తలుపులు తీసి ఉంచుతాను. ఆ తర్వాతే అమ్మను ఎక్కిస్తాను.