పాత బ్యాటరీలు పగలగొట్టిన స్థలం పక్కనే ఇళ్లు: పిల్లలకు సీసం అంటకుండా ముందు ఏం చేయాలి?

పటమట_కుర్రాడు:

విజయవాడ ఆటోనగర్ దగ్గర కాలువ గట్టును ఆనుకుని ఉన్న చిన్న కాలనీ గురించి అడుగుతున్నాను. ఎక్కువగా రేకుల ఇళ్లు, వాకిళ్లన్నీ మట్టివే. పక్క ఖాళీ స్థలంలో ఇదివరకు ఒక షెడ్డులో పాత బ్యాటరీలు పగలగొట్టి, ప్లేట్లు తీసి కరిగించేవారు. షెడ్డు మూసేశారు గానీ నేల మీద బూడిద రంగు పొడి, నల్ల ప్లాస్టిక్ పెంకులు, కరిగించగా మిగిలిన గడ్డలు అలాగే ఉన్నాయి. సాయంత్రమైతే పిల్లల ఆటలన్నీ అక్కడే. స్థలం ఓనరు జేసీబీ పెట్టి పైమట్టి గీకించి ఎత్తిపోయిస్తానంటున్నాడు. ఒప్పుకోవచ్చా? మట్టి, రక్తం, బోరు నీళ్లలో ముందు దేనికి పరీక్ష చేయించాలి? చేతిలో డబ్బు తక్కువ, అందుకే వరుస తెలిస్తే మేలు.

మట్టి_ల్యాబ్:

జేసీబీ మాట ప్రస్తుతానికి ఆపించండి. ఎండు మట్టిని గీకితే ఇప్పుడు ఒక స్థలంలో ఉన్న సీసం దుమ్మై ప్రతి ఇంటి రేకు మీదా, మంచం మీదా చేరుతుంది. పైగా గీకిన మట్టిని టిప్పర్లో వేసుకుని ఎక్కడో పల్లంలో మెరకకు పోస్తారు. అప్పుడు ఇంకో కాలనీకి ఇదే బెడద.

పరీక్షకు ముందే, పెద్దగా డబ్బు లేకుండా చేయగలిగింది ఒకటుంది. స్థలం చుట్టూ కంచె కట్టండి, గ్రీన్ నెట్ అయినా సరే. కాలనీ వాళ్లు అడ్డదారిగా నడిచే కాలిబాటను మూసేయండి. బ్యాటరీలు కరిగించిన చోటు కాబట్టి అక్కడ సీసం ఉందనే అనుకోవాలి, రిపోర్టు వచ్చేదాకా పిల్లల్ని అక్కడ ఆడనివ్వొద్దు.

ఇక నమూనాల సంగతి. అందరూ తప్పు చేసేది ఇక్కడే. పొలం మట్టి తీసినట్టు అరడుగు లోతు గొయ్యి తీసి కలిపి పంపిస్తారు. సీసం మట్టిలో తొందరగా కిందికి దిగదు, పై పొరలోనే ఉంటుంది. కింది శుభ్రమైన మట్టి కలిస్తే అంకె పలచబడి 'పరవాలేదు' అని వచ్చేస్తుంది. పిల్లల చేతికి అంటేది పై అంగుళమే, కాబట్టి అంగుళం లోతు దాటకుండా స్టీలు గరిటెతో తీయండి. ఒక్కో చోట ఐదారు చోట్ల నుంచి కొంచెం కొంచెం తీసి, కలిపి, అరకిలో జిప్ కవర్లో వేయండి. షెడ్డు నేల, పిల్లలు ఆడే చోటు, దగ్గరి ఇళ్ల వాకిళ్లు, చూరు నీళ్లు పడే గీత, మురుగుకాలవ పూడిక, ఇవన్నీ వేరు వేరు కవర్లు. ఒకదాంట్లో ఒకటి కలపొద్దు. గాలి అటు వీయని దిక్కున, దూరంగా ఉన్న మట్టి ఒక కవరు పోలికకు. యాసిడ్ పారబోసిన మచ్చ కనిపిస్తే అక్కడ మాత్రం లోతు నమూనా కూడా తీయాలి. పులుపెక్కిన మట్టిలో సీసం కరిగి కిందికి జారుతుంది.

ల్యాబులో అడగాల్సిన మాట: "150 మైక్రాన్ల జల్లెడ పట్టి, యాసిడ్‌లో పూర్తిగా కరిగించి, మొత్తం సీసం కిలోకు ఎన్ని మిల్లీగ్రాములో చెప్పండి." వ్యవసాయ ల్యాబులు మామూలుగా చేసే డీటీపీఏ పరీక్ష వద్దు. అది మొక్క పీల్చుకునే భాగాన్నే చూపిస్తుంది, అంకె చాలా తక్కువగా వస్తుంది. టీసీఎల్‌పీ అనే ఇంకో పరీక్ష ఉంది, లీటరుకు 5 మిల్లీగ్రాముల హద్దు దానిదే. అది వ్యర్థాన్ని ఎక్కడ పారేయాలో తేల్చడానికి, పిల్లాడు నోట్లో పెట్టుకుంటే ఏమవుతుందో తేల్చడానికి కాదు. 'టీసీఎల్‌పీ పాసైంది' అని ఓనరు కాగితం చూపిస్తే దానికి విలువ లేదు.

పోలికకు: అమెరికా పర్యావరణ సంస్థ ఇళ్ల దగ్గరి మట్టికి పెట్టుకున్న 400 పీపీఎం (అంటే కిలోకు 400 మిల్లీగ్రాములు) హద్దును 2024లో 200కి దించింది. లెక్క వేసుకోండి. చిన్నపిల్లలు రోజుకు సుమారు 100 మిల్లీగ్రాముల మట్టి, దుమ్ము మింగుతారని అంచనా. మట్టిలో 5,000 పీపీఎం ఉంటే అందులోనే 500 మైక్రోగ్రాముల సీసం ఉన్నట్టు, రోజూ.

పిల్లల_వైద్యం_గుంటూరు:

రక్తం విషయం నేను చెప్తాను. అందరికీ చేయించే స్తోమత లేకపోతే వరుస ఇది: స్థలానికి దగ్గరి ఇళ్లలో పాకే వయసు నుంచి ఆరేళ్లలోపు పిల్లలు, మట్టి తినే అలవాటున్న పిల్లలు ఏ వయసు వాళ్లైనా, గర్భిణులు, ఆ షెడ్డులో పనిచేసినవాళ్ల ఇళ్లలోని పిల్లలు. తల్లి ఎముకల్లో పాతుకున్న సీసం గర్భంతో ఉన్నప్పుడు మళ్లీ రక్తంలోకి దిగి బిడ్డకు చేరుతుంది. గర్భిణుల్ని వదలొద్దని చెప్పేది అందుకే.

వేలి చివర పొడిచి తీసిన చుక్కతో వచ్చే అంకెను చివరి మాటగా తీసుకోకండి. చేతి మీది దుమ్ము కలిస్తే అంకె ఉత్తుత్తగా పెరుగుతుంది. స్పిరిట్ దూదితో తుడిస్తే క్రిములు పోతాయి, సీసం పోదు. సబ్బుతో కడగాలి. ఎక్కువ వస్తే నరం నుంచి ఈడీటీఏ ట్యూబులో తీసిన రక్తంతో మళ్లీ చేయించాలి. రిపోర్టులో యూనిట్ చూడండి. అంకెలన్నీ డెసిలీటరు (100 మిల్లీలీటర్లు) రక్తానికి ఇన్ని మైక్రోగ్రాములు అనే లెక్కలో మాట్లాడుకుంటాం. ల్యాబు లీటరుకు ఇన్ని మైక్రోగ్రాములు అని ఇస్తే పదితో భాగించాలి. ఇది చూసుకోక 40ని 400 అనుకుని బెదిరిపోయేవాళ్లూ ఉంటారు, తలకిందులుగా తీసుకుని నిశ్చింతగా ఉండేవాళ్లూ ఉంటారు.

సీసానికి 'ఇంతవరకు ఫరవాలేదు' అనే మట్టం లేదు. అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 2021 నుంచి 3.5 మైక్రోగ్రాములను, మిగతా పిల్లలకన్నా ఎక్కువుందని చెప్పే గుర్తుగా పెట్టుకుంది. 5, ఆపైన ఉంటే మూలం ఎక్కడుందో వెతికి తీసేయాలని అదే ఏడాది ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. వేలి రక్తంలో 10 నుంచి 19 వస్తే నెలలోపు, 20 నుంచి 44 అయితే రెండు వారాల్లోపు, 45, ఆపైన అయితే 48 గంటల్లోపు నరం రక్తంతో ఖాయం చేసుకోవాలి. నరం రక్తంలోనూ 45, ఆపైన ఉంటే పెద్దాసుపత్రి పిల్లల విభాగానికే వెళ్లాలి. సీసాన్ని బయటికి లాగే మందు అక్కడ డాక్టరు చేతుల మీదుగానే. ఇంటి చుట్టూ దుమ్ము అలాగే ఉండగా ఆ మందు వాడితే ఫలితం నిలవదు, లోపలికి పోయే సీసం పోతూనే ఉంటుంది. 'డీటాక్స్' పొడులు అమ్మేవాళ్లను దరిచేరనివ్వకండి, ఆ పొడుల్లోనే సీసం ఉన్న సందర్భాలున్నాయి.

పిల్లాడు చలాకీగా ఉన్నాడు కాబట్టి సీసం లేదనుకోకూడదు. కడుపునొప్పి, మలబద్ధకం, చిరాకు, పాలిపోవడం కనిపించవచ్చు, ఏమీ కనిపించకపోవచ్చు కూడా. ఐరన్ తక్కువున్న ఒళ్లు సీసాన్ని ఎక్కువ పీల్చుకుంటుంది, అందుకని అదే రోజు హిమోగ్లోబిన్ చూపించి, తక్కువుంటే ఐరన్ మొదలుపెట్టించండి. ఖాళీ కడుపున మింగిన సీసం ఇంకా ఎక్కువ ఒంటబడుతుంది. పొద్దున్నే ఏదో ఒకటి తినిపించి బయటికి పంపడం, గుడ్డు, పాలు, రాగిజావ, జామకాయ, ఇవన్నీ పనికొస్తాయి. ఇవి సీసాన్ని విరిచేస్తాయని మాత్రం చెప్పొద్దు. పీల్చుకునేది తగ్గుతుంది, అంతే.

బోరు_నీళ్లు:

ఇలాంటి చోట్ల నీళ్లలో కన్నా దుమ్ములోనే ప్రమాదం ఎక్కువ. అయినా బోరు నీళ్లు ఒకసారి చూపించండి. తాగేనీటి భారత ప్రమాణం ఐఎస్ 10500లో సీసానికి హద్దు లీటరుకు 0.01 మిల్లీగ్రాములు, సడలింపు లేదు. మరిగిస్తే సీసం పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. క్లోరిన్ దాన్ని ఏమీ చేయదు. నీళ్లలో కరిగిన సీసాన్ని క్యాండిల్ ఫిల్టర్ ఆపదు, ఆర్వో ఆపుతుంది. లోహాల పరీక్షకు నమూనాలో నైట్రిక్ యాసిడ్ కలిపి ఉంచాలి కాబట్టి సీసా ల్యాబు నుంచే తెచ్చుకోండి. మంచినీళ్ల సీసాలో పట్టుకెళ్తే కొంత సీసం గోడకు అంటుకుపోయి లెక్కలోకి రాదు.

పటమట_కుర్రాడు:

చాలా థ్యాంక్సండీ. కంచె పని మొదలుపెట్టిస్తాం. ఓనరు ఇప్పుడు మాట మార్చి, గీకడం వద్దంటే పైన మట్టి పోయిస్తానంటున్నాడు. లారీ ఫ్లైయాష్ (కరెంటు కేంద్రంలో బొగ్గు కాల్చగా మిగిలే బూడిద) తక్కువకే వస్తుందట. ఇంకొకరేమో సున్నం చల్లితే సీసం చచ్చిపోతుందంటున్నారు.

సివిల్_పని:

ఫ్లైయాష్ వద్దు. ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం వైపు నుంచి సులువుగా దొరుకుతుంది గానీ అది తనే గాలికి లేచే పొడి, తన లోహాలు తనకున్నాయి. పైన కప్పడం మంచి ఆలోచనే, పద్ధతిగా చేస్తే. ముందు పైకి కనిపించే గడ్డలూ బూడిద ముద్దలూ తీసేయాలి. అవి హానికర వ్యర్థాలు, కాలుష్య నియంత్రణ మండలి అనుమతితో విశాఖ దగ్గరి పరవాడలో ఉన్నలాంటి హానికర వ్యర్థాల కేంద్రానికి పోవాలి. కాలనీ వాళ్లతో కూలికి ఏరించకండి. ఏరిన ప్లాస్టిక్ పెంకుల్ని తగలబెట్టకండి. తర్వాత నేల తడిపి, వాలు కాలనీ వైపు కాకుండా సరిచేసి, నాన్‌వోవెన్ జియోటెక్స్‌టైల్ (నేల పొరల మధ్య పరిచే దట్టమైన సింథటిక్) గుడ్డ పరచాలి. రేపు ఎవరైనా తవ్వితే గుడ్డ తగిలి 'ఇక్కడితో ఆపు' అని తెలుస్తుంది. దాని మీద అడుగు మందం మంచి మట్టి. మనవైపు నల్లరేగడి పోస్తారు, అది వేసవిలో నెర్రెలు విచ్చి కింది పొర బయటపడుతుంది. అందుకని గ్రావెల్ అరడుగు రోలర్‌తో దట్టించి, పైన ఇంకో అరడుగు మంచి మట్టి వేసి గడ్డి నాటండి, లేదా పలకలు పరవండి. తెచ్చే మట్టినీ పరీక్ష చేయించాకే దింపించండి.

మట్టి_ల్యాబ్:

సున్నం మీద ఒక మాట. పులుపు మట్టిలో పీహెచ్ పెంచితే, అంటే పులుపు తగ్గిస్తే, సీసం కదలిక తగ్గుతుంది, నిజమే. కానీ ఇష్టమొచ్చినట్టు పోస్తే, పీహెచ్ మరీ పెరిగాక సీసం తిరిగి కరగడం మొదలవుతుంది. కలపడానికి తవ్వాలి, తవ్వితే దుమ్ము. దుమ్ముగా నోట్లోకి పోయే సీసానికి సున్నం అడ్డమేమీ కాదు. రాతిసున్నం పిల్లల కళ్లలో పడితే అది వేరే ప్రమాదం. కప్పడమే మేలు.

కాలవ పూడిక మర్చిపోకండి. వానకు షెడ్డు నుంచి కొట్టుకొచ్చిందంతా అందులోనే ఉంటుంది. మున్సిపాలిటీ వాళ్లు పూడిక తీసి గట్టున కుప్ప పోసి ఎండాక ఎత్తుతారు. ఈ ఒక్క కాలవకు మాత్రం తడి మీదే ఎత్తుకెళ్లమని రాతపూర్వకంగా అడగండి. వరద వస్తే కూడా ఇంతే. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్లలోకి నీళ్లూ బురదా వచ్చాయి కదా, అలాంటి బురదను ఎండనివ్వకుండా తడిగా ఉండగానే ఎత్తాలి.

కలెక్టరేట్_మెట్లు:

కాగితం పని చెప్తాను, ఇది లేకపోతే ఓనరు మంచితనం మీదే ఆధారపడాలి. కేంద్రం 2025 జులైలో కలుషిత స్థలాల నిర్వహణ నియమాలు తెచ్చింది. అనుమానమున్న స్థలాల జాబితాను జిల్లా యంత్రాంగం ఆరు నెలలకోసారి రాష్ట్ర కాలుష్య మండలికి పంపాలి. మండలి 90 రోజుల్లో ప్రాథమికంగా పరిశీలించాలి. కలుషితమై ఉండొచ్చని తేలితే వివరంగా సర్వే చేయించాలి, కలుషితమని ఖాయమైతే శుభ్రం చేసే ఖర్చు కలుషితం చేసినవాళ్లే భరించాలి. చెత్త డంపింగ్ యార్డులకు ఇవి వర్తించవు, వాటికి వేరే నియమాలున్నాయి. మీది బ్యాటరీ షెడ్డు కాబట్టి ఆ చిక్కు లేదు.

సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. అదే అర్జీ నకలు మండలి ప్రాంతీయ కార్యాలయానికి, మున్సిపల్ కమిషనర్‌కు, జిల్లా వైద్యాధికారికి. 'కాలుష్యం ఎక్కువగా ఉంది, చర్య తీసుకోగలరు' అని రాస్తే అది ఫైల్లోనే ఉండిపోతుంది. సర్వే నంబరు, అక్షాంశ రేఖాంశాలు, తేదీ కనిపించే ఫొటోలు, ల్యాబు రిపోర్టు, ఆరేళ్లలోపు పిల్లలెందరో వార్డు సచివాలయం నుంచి తీసుకున్న లెక్క జతచేసి, మూడే కోరండి: స్థలానికి హెచ్చరిక బోర్డుతో కంచె, పిల్లలకు ప్రభుత్వ ఖర్చుతో రక్తపరీక్ష, ఆ స్థలాన్ని అనుమానిత జాబితాలో చేర్చడం. పిల్లల పేర్లు, రక్తం అంకెలు అర్జీకి జతచేయకండి, అది బయటికి పొక్కితే బడిలో ఆ పిల్లల్ని దూరం పెడతారు. ఎంతమందికి ఎంత దాటిందో మొత్తం లెక్క చాలు. మన రాష్ట్రానికి పర్యావరణ కేసులు చూసే హరిత ట్రిబ్యునల్ చెన్నై బెంచి. అక్కడికి పోవాలనుకుంటే ఆరు నెలల గడువు ఉంటుంది, లాయరును తొందరగా అడగండి.

పిల్లల_వైద్యం_గుంటూరు:

ఇంట్లో పని ఈలోపే మొదలవ్వాలి. పొడి చీపురు మానేసి తడిగుడ్డ. రెండు బకెట్లు పెట్టుకోవాలి, ఒకదాంట్లో సబ్బునీళ్లు, ఇంకోదాంట్లో గుడ్డ జాడించే నీళ్లు. ఆ మురికినీళ్లు వాకిట్లో కాదు, లెట్రిన్‌లో పోయాలి. చెప్పులు గడప బయటే. పాకే పిల్లలకు రోజూ ఉతికే దుప్పటి పరిచి దాని మీదే వదలాలి. అన్నానికి ముందూ పడుకునే ముందూ సబ్బుతో చేతులు, గోళ్లు కత్తిరించి ఉంచాలి. వాకిట్లో తోటకూర, గోంగూర పెంచుతుంటే ఆపేసి, తెచ్చిన మట్టితో బస్తాల్లో వేసుకోమనండి.

ఒక పిల్లాడి అంకె మిగతావాళ్లకన్నా బాగా ఎక్కువుంటే తప్పు ఆ స్థలం మీదే నెట్టకుండా ఇల్లు చూడండి. నాన్న రేడియేటర్లకు టంకం వేసే పనిలో ఉన్నా, బ్యాటరీ షాపులో ఉన్నా ఆ బట్టలతోనే దుమ్ము ఇంటికొస్తుంది. స్నానం చేసి బట్టలు మార్చుకుని రావాలి, ఆ బట్టలు పిల్లల బట్టలతో కలిపి ఉతకొద్దు. వలలకు కట్టే సీసం గుళ్లు ఇంటి పొయ్యి మీద కరిగించేవాళ్లూ ఉంటారు. కళాయి పూతలో సీసం కలిపి ఉంటే, ఆ ఇత్తడి గిన్నెలో కాచిన చింతపండు పులుసులోకి అది దిగుతుంది.

ఒంట్లోకి కొత్తగా చేరడం ఆగితే రక్తంలో సీసం సుమారు నెలకు సగం చొప్పున తగ్గాలి. చాలాకాలంగా చేరిన పిల్లల్లో ఎముకల నుంచి ఊరుతుంటుంది కాబట్టి ఇంకా నెమ్మది. కప్పిన తర్వాత మూడు నెలలకు అదే పిల్లలకు, అదే ల్యాబులో మళ్లీ చేయించండి. అంకె కదలకపోతే కంచె ఎక్కడో తెగినట్టో, ఇంట్లో ఇంకో మూలం ఉన్నట్టో చూసుకోవాలి.